కంచె కంత ఎరిగిన కుందేలు

ఆర్నెల్లకోసారి దొర్నిపాడులో పశువులకు గాలికుంటు సూదులు వేసే రోజున ఊళ్లో సగం మంది మగవాళ్లు అక్కడే ఉంటారు. ఎద్దును బోనులోకి తోలడం, ముక్కుతాడు బిగబట్టడం, మెడ దగ్గర సూది దించడం, చెవిపోగు మీది పన్నెండు అంకెలు ఒకాయన గట్టిగా చదివితే ఇంకొకాయన సెల్‌ఫోనులో ఎక్కించుకోవడం, అంతా కలిపి జతకు అయిదు నిమిషాల పని. మిగిలిన పొద్దంతా వేపచెట్టు కింద కబుర్లే. పోయినసారి అక్కడే మామ వరసయ్యే పెద్దాయన ఒకరు నన్ను పట్టుకున్నాడు.

"అల్లుడా, ఎద్దుకు సూది ఉండె. కుక్కకాటుకు సూది ఉండె. కరోనా వచ్చిన ఏడాదికే దానికీ సూది తెచ్చిరి. ఆ జబ్బుకు మాత్రం ఇన్నేండ్లయినా లేకపాయె. చదువుకున్నోళ్లంతా ఏం చేస్తాండారు?"

ఆ జబ్బంటే హెచ్‌ఐవీ. మా వైపు దాన్ని పేరు పెట్టి పలకరు. ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి అప్పటికి నోటికొచ్చిందేదో చెప్పాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. తర్వాత కొన్ని నెలలు ఇదే పట్టుకొని చదివాను. చదివేకొద్దీ ఒకటి అర్థమైంది. ఈ కథలో ఎక్కువ భాగం మనుషుల మీద నడవలేదు. కోతుల మీద, కుందేళ్ల మీద, ఎలుకల మీద నడిచింది. చివరికి ఆవుదూడల మీద కూడా.

మామ అడిగినదాన్ని గాలికుంటు దగ్గర నుంచే అందుకోవచ్చు. ఆ వైరస్‌లో కూడా రకాలున్నాయి. మన దేశంలో వేసే సూదిలో ఓ, ఏ, ఏషియా-1 అని మూడు రకాలు కలిపి ఉంటాయి. సూది పని చేయడానికి అసలు కారణం వేరే ఉంది. గాలికుంటు వచ్చిన పశువు నోట్లో పుండ్లు పడి, గిట్టలు పగిలి, వారం పది రోజులు మేత ముట్టకపోయినా, చాలాసార్లు లేచి నిలబడుతుంది. వైరస్‌ను ఎలా గెలవాలో దాని ఒంటికి తెలుసు. టీకా ఆ గెలుపుకు నకలు రాస్తుంది. మసూచి, పోలియో, తట్టు టీకాలన్నీ అలా పుట్టినవే. హెచ్‌ఐవీకి ఆ అసలు ప్రతే లేదు. మందు లేకుండా, సొంత బలంతో వైరస్‌ను ఒంట్లోంచి పూర్తిగా తరిమినవాళ్లు దాదాపు లేరు. నకలు రాద్దామంటే రాయడానికి ఏమీ లేదు.

మరో చిక్కు వైరస్ రూపంలోనే ఉంది. దాని పైపెంకు మీద పది పదిహేనుకు మించకుండా ముళ్లలాంటి ప్రోటీన్లు నిలబడి ఉంటాయి. కణంలోకి దూరే తాళంచెవి ఆ ముల్లే. మన యాంటీబాడీ దాన్నే పట్టుకోవాలి. ఆ ముల్లు బరువులో సుమారు సగం చక్కెరే. ఆ చక్కెర మన కణాలు తయారుచేసిందే కాబట్టి ఒంటికి అది పరాయిదిగా కనిపించదు. వామిదొడ్డి చుట్టూ రేగికంప దట్టంగా కొట్టినట్టు ప్రోటీను చుట్టూ చక్కెర అల్లుకొని ఉంటుంది. కంప తప్పించుకొని చెయ్యి లోపలికి పెట్టే సందులు నాలుగైదే. ఆ సందులు ఏ రకం వైరస్‌లోనైనా పెద్దగా మారవు. వాటిలో చెయ్యి పెట్టగల యాంటీబాడీ ఒక్క రకాన్ని కాదు, వందల రకాలను ఆపగలదు. వీటిని విస్తృత యాంటీబాడీలు అందాం.

హెచ్‌ఐవీ సోకినవాళ్లలో నూటికి పది నుంచి ముప్ఫై మందికి ఇవి పుడతాయి. కానీ రెండు మూడేళ్ల తర్వాత. అప్పటికి వాళ్ల ఒంట్లోని వైరస్ వేషం మార్చుకొని దాటిపోయి ఉంటుంది. కోత అయ్యాక వచ్చే వాన లాంటిది. అదే వాన ముందే కురిస్తే? వైరస్ వచ్చేసరికి ఆ యాంటీబాడీ ఒంట్లో సిద్ధంగా ఉంటే?

దీనికి జవాబు ఇచ్చింది కోతి. 1999, 2000 సంవత్సరాల ప్రాంతంలో అమెరికాలో శాస్త్రవేత్తలు మనుషుల నుంచి తీసిన యాంటీబాడీలను కోతుల రక్తంలోకి ఎక్కించి, ఆ తర్వాత వైరస్ పెట్టి చూశారు. తగినంత యాంటీబాడీ ఎక్కిన కోతులకు వైరస్ అంటలేదు. 2016లో వచ్చిన మరో పరిశోధనలో ఒకే ఒక్క విడత యాంటీబాడీ ఎక్కించి, వారం వారం వైరస్ పెట్టుకుంటూ పోతే, మంచి యాంటీబాడీ దక్కిన కోతులు 23 వారాల దాకా నిలిచాయి. ఇది టీకా కాదు. బయటి నుంచి తెచ్చి పోసిన రక్షణ. అయినా హెచ్‌ఐవీని యాంటీబాడీతో ముందుగానే ఆపడం సాధ్యమన్న నమ్మకం దీనితోనే నిలబడింది. లేకపోతే ఈ దారి ఎప్పుడో మూతబడేది.

ఏ కోతి అన్నది కూడా చెప్పాలి. అహోబిలం మెట్ల మీద మన చేతిలోని కొబ్బరిచిప్ప లాక్కుపోయేది కాదు. తల మీద వెంట్రుకలు టోపీలా విచ్చుకొని, తోక బారుగా ఉండే అది దక్షిణాది కోతి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడేది ఉత్తరాదిన గుళ్ల దగ్గర కనిపించే రీసస్. అందులోనూ 'ఇండియన్ రీసస్' అని ప్రత్యేకంగా రాస్తారు. చైనా సంతతి రీసస్‌లో కోతి వైరస్ నెమ్మదిగా సాగుతుంది. మన సంతతి కోతిలో వేగంగా ఎయిడ్స్‌కు దారితీస్తుంది. మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం 1978 నుంచి కోతుల ఎగుమతిని నిలిపేసింది. ఇప్పుడు అమెరికాలో ఉన్నవి అంతకుముందు ఓడలెక్కినవాటి మునిమనవలు. ఎయిడ్స్ టీకా పరిశోధనలో మన దేశం పెట్టిన అతి పెద్ద పెట్టుబడి ఎవరూ లెక్కలోకి తీసుకోని ఈ వంశమేనని నాకనిపిస్తుంది.

అయితే హెచ్‌ఐవీ రీసస్ కోతిలో పెరగదు. కోతులకు ఎస్‌ఐవీ అని వేరే వైరస్ ఉంది. 1985లో బయటపడింది. దాని ముల్లు వేరు. మనిషి టీకాను దానిమీద పరీక్షించడం కుదరదు. అందుకని లోపలి భాగం ఎస్‌ఐవీది, పైనున్న ముల్లు హెచ్‌ఐవీది పెట్టి 1990ల మొదట్లో ఒక సంకర వైరస్ కట్టారు. దాన్ని షివ్ అంటారు. నంద్యాల చుట్టుపక్కల పత్తి విత్తనాలకు మగపూలు దులిపిన చేతులకు సంకరమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఆడ మగ ఎంపికలో తప్పు జరిగితే పంటంతా తప్పుతుంది. షివ్ విషయంలోనూ అదే జరిగింది.

ఇక్కడే మన చెవికి పరాయిది కాని ఒక పేరు వస్తుంది. అమర రామారావు. బెంగళూరు ఐఐఎస్సీలో పీహెచ్‌డీ చేసి అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీకి వెళ్లి, అక్కడ హారియెట్ రాబిన్సన్ బృందంలో చేరాడు. అప్పటి యర్కీస్ ప్రైమేట్ కేంద్రంలో (2022 నుంచి దాని పేరు ఎమరీ ప్రైమేట్ కేంద్రం) ఆయన మొదటి రచయితగా 2001లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 24 రీసస్ కోతులకు ముందు రెండుసార్లు డీఎన్‌ఏ టీకా వేశారు. తర్వాత మసూచి టీకాకు దగ్గరి చుట్టమైన ఎంవీఏ అనే వైరస్‌లో హెచ్‌ఐవీ, ఎస్‌ఐవీ జీన్లు కొన్ని పొదిగి ఒక బూస్టర్ ఇచ్చారు. ఏడు నెలలు ఆగారు. ఆ తర్వాత షివ్-89.6పీ అనే సంకర వైరస్‌ను పెట్టారు. టీకా పడని నాలుగు కోతుల్లో మూడు 23 వారాల్లోపే ఎయిడ్స్‌తో పోయాయి. టీకా పడ్డ 24కూ వైరస్ సోకింది గానీ, వాటి ఒళ్లు దాన్ని అణిచిపెట్టింది. అవి ఆరోగ్యంగా తిరిగాయి.

ఆ రోజుల్లో ఈ వార్త సంచలనం. మెర్క్ కంపెనీ కూడా 2002లో ఇదే షివ్-89.6పీ మీద వేరే వాహకంతో తన టీకా పనిచేసిందని చూపింది. జలుబు తెచ్చే అడినో వైరస్ ఆ వాహకం. మెర్క్ టీకా మనుషుల దాకా వెళ్లింది. 2007 సెప్టెంబరులో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. టీకా కాపాడలేదు. పైగా టీకా వేసుకున్నవాళ్లలో కొన్ని వర్గాలకు సోకడం ఎక్కువగా కనిపించింది. కోతిలో పాసైంది మనిషిలో ఎందుకు తప్పింది?

తప్పు కోతిది కాదు, ప్రశ్నపత్రానిది. 89.6పీ వైరస్ కోతి ఒంట్లో సీడీ4 అనే రోగనిరోధక కణాలను కొద్ది వారాల్లోనే తుడిచేస్తుంది. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది. కానీ మనుషుల మధ్య ఒకరి నుంచి ఒకరికి పాకే మామూలు హెచ్‌ఐవీ కణంలోకి దూరే ద్వారం వేరు, ఇది వాడుకునే ద్వారం వేరు. టీకా తెచ్చిన కొద్దిపాటి బలానికే ఇది లొంగిపోతుంది. రంకె గట్టిగా వేసిన ఎద్దల్లా బండ లాగదు. బండలాగుడు పందేల్లో ఈ ముక్క మా ఊళ్లో పదేళ్ల పిల్లాడికీ తెలుసు. శాస్త్రవేత్తలకు తెలిసేసరికి ఆరేడేళ్లు పట్టింది.

అంతకుముందు చింపాంజీ విషయంలోనూ ఇంతే. 1990లో జీపీ120 అనే ముల్లు ముక్కను టీకాగా వేస్తే చింపాంజీలకు హెచ్‌ఐవీ సోకలేదు. అదే జాతి టీకాను మనుషుల మీద పెద్ద ఎత్తున పరీక్షిస్తే 2003లో పూర్తిగా తప్పింది. చింపాంజీకి పెట్టిన వైరస్ ప్రయోగశాలలో పెరిగి పెరిగి ఒళ్లు మెత్తబడ్డది. చింపాంజీకి హెచ్‌ఐవీ సోకినా సాధారణంగా జబ్బు చేయదు కూడా. ఎవరికీ జబ్బు చేయని చోట మందు పనిచేసిందని సంబరపడ్డారు. 2015లో అమెరికా ప్రభుత్వం చింపాంజీల మీద పరిశోధనకు సాయం ఆపేసినప్పుడు ఎయిడ్స్ పరిశోధకులకు పెద్దగా పోయిందేమీ లేదు.

అమర ల్యాబు మాత్రం దెబ్బ తిన్నాక గట్టి వైరస్‌ల వైపు మళ్లింది. ఈ పని నాకు నచ్చడానికి కారణమిదే. 2011లో డీఎన్‌ఏ టీకాలో జీఎం-సీఎస్‌ఎఫ్ అనే రోగనిరోధక ప్రోటీను జీను కలిపి వేసి, వారం వారం పన్నెండు సార్లు ఎస్‌ఐవీ పెట్టి చూశారు. అది కలిపిన కోతుల్లో 71 శాతం తప్పించుకున్నాయి. కలపనివాటిలో 25 శాతమే. ఈ డీఎన్‌ఏ-ఎంవీఏ టీకా మనుషుల పరీక్షల్లోకి కూడా వెళ్లింది. 299 మంది పాల్గొన్న ఒక పరీక్షలో అది సురక్షితమని తేలింది. పెద్ద దశకు మాత్రం చేరలేదు. కఠిన రకం వైరస్‌లను ఆపే యాంటీబాడీ దానితో రాలేదు. అప్పట్లో ఎవరికీ రాలేదు.

అంతకుముందు 2009లో థాయ్‌లాండ్‌లో 16,402 మంది మీద జరిగిన పరీక్ష 31 శాతం రక్షణ చూపించి అందరికీ ఆశ పెట్టింది. దాన్నే మెరుగుపరిచి దక్షిణాఫ్రికాలో వేస్తే 2020 ఫిబ్రవరిలో ఫలితం లేదని ఆపేశారు. కోతుల్లో 67 శాతం కాపాడిన ఇంకో టీకా 2021లో ఆఫ్రికా మహిళల్లో, 2023లో అమెరికా ఖండాలు, యూరప్‌లలో తప్పింది. వీటన్నిటికీ ఉమ్మడి లోపం ఒకటే. ఇవి పుట్టించిన యాంటీబాడీలు వైరస్‌కు అంటుకుంటాయి, కానీ కంప దాటి లోపల చెయ్యి పెట్టలేవు.

కంప దాటాలంటే అసలు ముల్లు ఆకారమే చెదరకుండా టీకాలో ఉండాలి. విడదీసి తయారుచేస్తే ఆ ముల్లు ముక్కలైపోయేది. 2013లో రోజియర్ సాండర్స్, జాన్ మూర్ బృందాలు దాన్ని బిగించి నిలబెట్టే ఉపాయం కనుక్కున్నాయి. ఆ ప్రోటీను పేరు బీజీ505 సోసిప్. దాని మూలం నైరోబీలో ఆరు వారాల వయసున్న పసిబిడ్డ నుంచి తీసిన వైరస్. ఎవరి బిడ్డో మనకు తెలియదు. ఆ బిడ్డ పేరుకు బదులు నిలిచిన ఆ రెండు అక్షరాలు, మూడు అంకెలు ఇప్పుడు ప్రపంచంలోని ప్రతి హెచ్‌ఐవీ ల్యాబులోనూ వినిపిస్తాయి.

ఈ ప్రోటీనును మొదట కుందేళ్లకు వేశారు. 2015లో కబురు వచ్చింది. కుందేళ్లకు కఠిన రకం వైరస్‌ను ఆపే యాంటీబాడీ వచ్చింది! కానీ బీజీ505ను మాత్రమే ఆపింది, మిగిలినవాటిని కాదు. ఎందుకా అని తరచి చూస్తే, బీజీ505 ముల్లు మీద 241, 289 అనే రెండు చోట్ల చక్కెర లేదు. మిగిలిన చాలా రకాల వైరస్‌లలో అక్కడ చక్కెర ఉంటుంది. కంచెలో ఆ ఒక్క కంత ఉంది, కుందేలు దాన్ని పట్టేసింది. పొలం కాపలా ఉన్న ఎవరినడిగినా చెబుతారు, కుందేలు కంచె ఎక్కదు, కంత వెతుకుతుంది. మరో పొలానికి వెళ్తే ఆ కంత అక్కడ ఉండదు. దీన్ని వైఫల్యమని రాసినవాళ్లున్నారు. నా లెక్కలో ఇది ఈ మొత్తం కథలో అతి నిజాయితీగల జవాబు. టీకాలో ఎక్కడ కంత వదిలారో కుందేలు వేలెట్టి చూపింది. ఆ తర్వాత నుంచి ముల్లును తయారుచేసేవాళ్లు కంతలు పూడ్చడం మొదలుపెట్టారు.

కోతిని అడగాల్సిన ప్రశ్న మాత్రం మారింది. టీకా పనిచేస్తుందా అని కాదు, ఎంత యాంటీబాడీ ఉంటే చాలు అని. 2019లో డెనిస్ బర్టన్ బృందం సోసిప్ టీకా వేసిన కోతుల్లోంచి యాంటీబాడీ బాగా వచ్చినవి ఆరు, తక్కువ వచ్చినవి ఆరు ఏరి వాటికి షివ్ పెట్టింది. యాంటీబాడీ బాగా ఉన్నవి నిలిచాయి, లేనివి పడిపోయాయి. రక్తరసాన్ని 500 వంతుల పలచన చేసినా వైరస్‌ను సగం ఆపగలిగే బలముంటే పదింట తొమ్మిది రక్షణ దొరుకుతుందని లెక్క తేలింది. చెంబుడు మజ్జిగను 500 చెంబుల నీళ్లలో కలిపినా నాలుకకు పులుపు తగలాలన్నట్టు.

అమర రామారావు, స్టాన్‌ఫర్డ్‌లోని బాలి పులేంద్రన్ తదితరులు కలిసి 2020లో ప్రచురించిన పని ఈ లెక్కకు ఇంకో అంకె చేర్చింది. ఆడ రీసస్ కోతులను పదిహేనేసి చొప్పున మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు సోసిప్ ప్రోటీను, దాన్ని చురుకుపరిచే 3ఎం-052 అనే సహాయక రసాయనం. ఇంకో గుంపుకు అదే, దానితోపాటు మూడు వేర్వేరు వైరస్ వాహకాల్లో ఎస్‌ఐవీ జీను, వైరస్ సోకిన కణాలను చంపే టీ కణాలను తయారుచేయడానికి. మూడో గుంపుకు ఏమీ లేదు. పది వారాలు, వారానికొకసారి షివ్ పెట్టారు. ప్రోటీను ఒక్కటే దక్కిన గుంపులో 53 శాతం, రెండూ దక్కినదాంట్లో 67 శాతం తప్పించుకున్నాయి. ఏమీ దక్కని పదిహేనింటిలో మిగిలింది ఒకటే. ప్రోటీను ఒక్కదాంతో కాపాడాలంటే యాంటీబాడీ బలం 300కు పైన ఉండాలి. టీ కణాలు తోడుంటే అంతకంటే తక్కువ యాంటీబాడీ కూడా కాపాడింది. యాంటీబాడీ, టీ కణం అని రెండు శిబిరాలుగా విడిపోయి ఇరవై ఏళ్లు వాదించుకున్నవాళ్లు ఒక కోతి ఒంట్లో రాజీపడ్డారు.

ఒక్కటి మరవకూడదు. 2019, 2020 నాటి ఈ రెండు కోతి ప్రయోగాల్లోనూ టీకాలో ఉన్న ముల్లు, షివ్ మీదున్న ముల్లు ఒకటే, బీజీ505. ప్రశ్నపత్రం ముందే చేతికిచ్చి పరీక్ష పెట్టినట్టు. బయటి లోకంలో వైరస్ ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. 2021లో వెలువడిన, 4,623 మంది పాల్గొన్న పరీక్షలో కొందరికి వీఆర్‌సీ01 అనే విస్తృత యాంటీబాడీని రక్తంలోకి ఎక్కించి చూశారు. మొత్తంగా చూస్తే సోకడం ఆగలేదు. కానీ ఆ యాంటీబాడీకి లొంగే రకం వైరస్‌లను మాత్రం 75 శాతం ఆపింది. కోతి చెప్పిన మాట తప్పలేదు. ఒక్క తాళంచెవి ఊళ్లోని అన్ని ఇళ్లనూ తెరవదన్నది మాత్రం మనుషుల మీదే తేలింది.

ఇక దూడల సంగతి. మామకు చెప్పాలని నేను చదివినదాంట్లో ఇదే ఎక్కువ దాచిపెట్టుకున్నాను. 2017లో 'నేచర్' పత్రికలో డెవిన్ సోక్, వాన్ స్మైడర్ తదితరులు నాలుగు దూడలకు బీజీ505 వేసిన కథ వచ్చింది. మనుషుల్లో ఏళ్లు పట్టే పని దూడల్లో 42 రోజులకే మొదలైంది. అప్పటికే ఒకదాని రక్తం 20 శాతం రకాలను ఆపింది. ఏడాది దాటి 381 రోజులకు ఒక దూడ రక్తం 117 రకాల హెచ్‌ఐవీల్లో 96 శాతాన్ని ఆపింది. ఆ దూడలోంచి ఒకే ఒక్క యాంటీబాడీని వేరుచేస్తే అదే 72 శాతాన్ని పట్టింది. టీకాతో మనిషికి, కోతికి, కుందేలుకు రానిది గోవుకు ఎలా వచ్చింది?

యాంటీబాడీ చివర వేలిలాంటి ఒక మడత ఉంటుంది. శత్రువును తాకేది అదే. మనుషుల్లో అది సాధారణంగా పదిహేను అమినో ఆమ్లాల పొడుగు. విస్తృత యాంటీబాడీలు ఉన్న అరుదైన మనుషుల్లో కొందరికి ముప్ఫై దాకా సాగి ఉంటుంది. ఆ దూడ యాంటీబాడీలో ఆ వేలు 60. కంపలోంచి లోపలి రేగుపండు తెంపాలంటే పిల్లవాడి చెయ్యి అందదు, దోటి కావాలి. ఆవుకు పుట్టుకతోనే దోటి ఉంది. అనేక కోట్ల సూక్ష్మజీవులు నిండిన నాలుగు అరల పొట్టతో బతికే జంతువు కాబట్టి దానికి అలాంటి యాంటీబాడీలు అవసరమై ఉంటాయని శాస్త్రవేత్తల ఊహ.

ఇది చదివి గోమూత్రం, పంచగవ్యం అని ఎవరైనా మొదలుపెడతారేమో, ముందే చెబుతున్నా. ఆ దూడలకు యాంటీబాడీ వచ్చింది ప్రయోగశాలలో చెక్కిన ప్రోటీను సూదిలో వేస్తేనే. మామూలు ఆవు రక్తంలో అది ఉండదు. ఈ పని విలువ వేరే చోట ఉంది. సోసిప్ ప్రోటీను మంచిదేనని, లోపం దాన్ని చూసే కళ్లలో ఉందని ఇది తేల్చింది. సరైన వేలున్న యాంటీబాడీని తయారుచేసే బి కణం ఒంట్లో ముందే ఉంటే, టీకా దాన్ని లేపగలదు. మనుషుల్లో అలాంటి బి కణాలు లక్షల్లో ఒకటి ఉంటాయి. వాటిని వెతికి ఎలా లేపాలి అన్నది తర్వాతి ప్రశ్న.

ఆ ప్రశ్న ఎలుకకు వెళ్లింది. మామూలు ఎలుకలో మనిషి యాంటీబాడీ జీన్లు ఉండవు కాబట్టి మనిషి జీను పెట్టిన ఎలుకలను పుట్టించారు. విలియం షీఫ్ బృందం ముల్లులోని ఒక చిన్న భాగాన్ని మాత్రమే చెక్కి, అరవై ప్రతులు ఒక బంతికి అతికించి టీకా చేసింది. విస్తృత యాంటీబాడీకి విత్తనం లాంటి ఆ అరుదైన బి కణాలను లేపడమే దాని పని. ఎలుకల్లో లేచాయి. తర్వాత మనుషుల్లో వేస్తే, 2022లో వెలువడిన ఫలితంలో టీకా పడిన 36 మందిలో 35 మందికి ఆ విత్తన కణాలు లేచాయి. ఆ తర్వాత ఆఫ్రికాలో ఎంఆర్‌ఎన్‌ఏ రూపంలో వేసినా అలాంటి ఫలితమే వచ్చింది. విత్తనం మొలిచింది. అది చెట్టయి కాయ కాయడానికి వేర్వేరు టీకాలు వరసగా ఇంకెన్ని వేయాలో తేలాల్సి ఉంది. ఎంఆర్‌ఎన్‌ఏ వేసుకున్నవాళ్లలో కొందరికి దద్దుర్లు లేచాయి. ఏ ఎలుకా ఈ సంగతి ముందుగా చెప్పలేదు.

కోతిలో మరో విషయం తేలింది. ఇది మా రైతులకు చటుక్కున తలకెక్కుతుంది. ఒకే విడత మందు మొత్తం పోయడం కంటే, పన్నెండు రోజుల్లో ఏడు విడతలుగా, కొంచెం కొంచెం పెంచుకుంటూ వేస్తే, లింఫు గ్రంథుల్లో యాంటీబాడీలు పదునుపెట్టే స్థలాలు ఆరు నెలలకు పైగా పనిచేస్తూనే ఉన్నాయి. 2022లో షేన్ క్రాటీ బృందం దీన్ని చూపింది. చేలో కాలువ తెగ్గొట్టి పారించడానికీ, డ్రిప్పు పెట్టడానికీ ఉన్న తేడా. కాకపోతే దొర్నిపాడు నుంచి నంద్యాలకు ఏడుసార్లు బస్సెక్కి సూది వేయించుకునేవాళ్లెవరు? అందుకే ఇప్పుడు ఒకే సూదిలో నెమ్మదిగా కరిగే రూపం కోసం చూస్తున్నారు.

ఇవన్నీ ఎవరి వైరస్ మీద జరుగుతున్నాయన్నది మనకు ముఖ్యం. బీజీ505 'ఏ' ఉపరకం. మన దేశంలో పాకేది దాదాపు అంతా 'సి' ఉపరకం. అమర ల్యాబు తర్వాతి ఏళ్లలో 'సి' ఉపరకం ముళ్ల మీదే ఎక్కువ పనిచేసింది. మరో తెలుగు ఇంటిపేరు వేనిగళ్ల. వాషింగ్టన్‌లోని క్యాథలిక్ యూనివర్సిటీలో వేనిగళ్ల బి. రావు టీ4 అనే బాక్టీరియా వైరస్ పెంకు మీద హెచ్‌ఐవీ ముక్కలు అతికించే దారి పట్టుకున్నాడు. భారత్‌లో 2005లో పుణెలో, 2006లో చెన్నైలో తొలి హెచ్‌ఐవీ టీకా పరీక్షలు మనుషుల మీద జరిగాయి. సురక్షితమని తేలినా ముందుకు సాగలేదు. జంతువుల మీద పని చేయడానికి మాత్రం మనకూ ఇప్పుడు చోటుంది. హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జాతీయ జంతు వనరుల కేంద్రం పెట్టింది. హైదరాబాద్ భారత్ బయోటెక్ కోవాగ్జిన్‌ను పుణె వైరాలజీ సంస్థ పరీక్షించింది కూడా 20 రీసస్ కోతుల మీదే. అక్కడ కొద్ది నెలల్లో తేలిపోయింది. కరోనాను గెలవడం ఒంటికి వచ్చు కాబట్టి.

2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లు సుమారు 3 లక్షల 20 వేలు. మహారాష్ట్ర తర్వాత మనదే. మందు 2004 నుంచి ఉచితం. వేసుకుంటే మామూలు ఆయుష్షు దక్కుతుంది. ఆ గుళికల డబ్బా ఎవరి కంటా పడకుండా బియ్యం డబ్బాలో దాచుకునే ఆడవాళ్లను నేను ఎరుగుదును. వాళ్లలో చాలామందికి అది భర్త ద్వారా వచ్చింది. టీకా అక్కర ఎవరికి అని అడిగితే, అంతా అయ్యాక మందు మింగేవాళ్ల గురించి కాదు, పెళ్లికి ముందు వాళ్లలాగే ఉన్న పిల్లల గురించి అనుకోవాలి.

ఈ మధ్యలో లెనకాపావిర్ వచ్చింది. ఆర్నెల్లకొక సూది. 2024లో ఆఫ్రికాలో 2,134 మంది అమ్మాయిలకు వేస్తే ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. దాన్ని చవకగా, ఏడాదికి 40 డాలర్లకు, 2027 నుంచి అందిస్తామని డాక్టర్ రెడ్డీస్, హెటిరో ముందుకొచ్చాయి. రెండూ హైదరాబాద్ కంపెనీలే. అది టీకా కాదు, మందు. ఆపితే రక్షణ పోతుంది. అయినా దీని తర్వాత టీకా ఎందుకని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. 2025 మేలో అమెరికా ప్రభుత్వం డ్యూక్, స్క్రిప్స్ సంస్థల్లోని రెండు పెద్ద హెచ్‌ఐవీ టీకా కూటములకు నిధులు పొడిగించబోమని చెప్పేసింది. సరిగ్గా విత్తనం మొలిచిన సమయంలో నీళ్లు ఆపేశారు. ఇది డబ్బు పొదుపు కాదు, ఇన్నేళ్లు పెట్టిన డబ్బును వృథా చేయడమని నా అభిప్రాయం.

కోతుల ఊసు ఎత్తి, వాటికి ఏమవుతుందో చెప్పకుండా దాటేయడం బాగుండదు. చాలా ప్రయోగాలు కోతి ప్రాణంతోనే ముగుస్తాయి. లింఫు గ్రంథులు, పేగులు కోసి చూడాలి కాబట్టి. శనివారం ఆంజనేయస్వామికి ఆకుపూజ చేసి, ఆదివారం మొక్కజొన్న చేలో కోతుల మీద టపాకాయలు విసిరే మనకు దీనిమీద తీర్పు చెప్పే అర్హత ఎంతో నాకు తెలియదు. మంచి ప్రశ్న అడగకుండా ఒక కోతిని చంపడం మాత్రం పాపమే. 89.6పీ ఏళ్లలో అది జరిగింది.

మొన్న మళ్లీ గాలికుంటు సూదుల రోజు వచ్చింది. వేపచెట్టు కింద మామకు దూడల కథ మొత్తం చెప్పాను. దోటి గురించి, 96 శాతం గురించి. బోనులోంచి తన ఎద్దు వెనక్కి నడుస్తుంటే పగ్గం సర్దుకుంటూ విన్నాడు.

"అంతా బాగుంది గానీ అల్లుడా," అన్నాడు, "ఆవుకు ఆ జబ్బు రాదు గదా!"